ఇక రాకండి

మా మామయ్య గొడుగులు బాగుచేస్తారు. గొడుగులు బాగుచేసే మనిషి వానాకాలమంతా వానలో నానుతారంటే ఎవరికైనా నవ్వొస్తుంది. నవ్వుకోండి, నాకేం. మార్కెట్టు గోడకి కట్టిన ప్లాస్టిక్ పట్టా కింద ఆయనా, ఆయన కోడలిని నేనూ పక్కపక్కనే కూర్చుంటాం. ఆయనది చేతిపని, నాది కుట్టుమిషను. విరిగిన గొడుగు ఊచలు, తెగిన బ్యాగు పట్టీలు, మొరాయించిన జిప్పులు అన్నీ మా దగ్గరికే వస్తాయి. ఊరందరి గొడుగులూ కారకుండా చేసే మనిషి నెత్తి మీద మాత్రం ఆ పట్టా కారుతూనే ఉంటుంది. తడి తగిలీ తగిలీ ఆయనకి దగ్గు పట్టుకుంది, నా మిషనుకి తుప్పు పట్టుకుంది. మిషనుకైతే నాలుగు చుక్కలు నూనె పోస్తాను. మనిషికేం పోయను?

ఇలా ఉండగా మార్కెట్టు ఆఫీసువాళ్ళకి మా మీద ఉన్నట్టుండి ప్రేమ పుట్టుకొచ్చింది. గోడ పక్కన కూర్చునేవాళ్ళందరినీ ఖాళీ చేయిస్తామనీ, వెనకాల కట్టిన కొత్త షెడ్డులో కొట్లు ఇస్తామనీ కబురు చేశారు. నేను అదే రోజు వెళ్ళి షెడ్డంతా కలియదిరిగి వచ్చాను. గట్టి పైకప్పు, షట్టరు, లైటు. చివరి కొట్టుకి కిటికీ కూడా ఉంది. ఆ కిటికీ దగ్గర మామయ్య స్టూలు, ఈ పక్కన నా మిషను, గోడకి గొడుగులు తగిలించుకునే మేకులు, అన్నీ మనసులో అప్పటికప్పుడే సర్దేసుకున్నాను.

అయితే ఊరికే ఇచ్చేస్తే వాళ్ళది ఆఫీసెందుకవుతుంది? కస్టమర్ సర్వీసు శిక్షణ తీసుకుని పాసైనవాళ్ళకే కొట్టట. ఫెయిలైతే కొట్టు రాదు, గోడ ఎలాగూ పోతుంది. ఇన్నేళ్ళుగా అమ్ముకుంటున్నవాళ్ళకి అమ్మడం రాదని అంత కచ్చితంగా ఎలా తెలిసిందో మరి. బహుశా మేం వాళ్ళని చూసి నేర్చుకోలేదని కోపం వచ్చి ఉంటుంది.

క్లాసు ఆఫీసు మేడ మీద హాల్లో. లోపలికి అడుగు పెట్టగానే అటెండరు మమ్మల్ని ముందు వరస కుర్చీల్లోంచి లేపి వెనక్కి పంపాడు. ముందు వరస ఆఫీసర్లదట. ఆఫీసర్లెవరూ రాలేదు. చివరిదాకా ఆ కుర్చీలు ఖాళీగానే కూర్చుని శ్రద్ధగా పాఠం విన్నాయి.

పాఠం చెప్పే సారు ఆలస్యంగా వచ్చాడు. వస్తూనే "కస్టమర్ టైముని మనం గౌరవించాలి" అని మొదలుపెట్టాడు. నున్నటి షర్టు, మెళ్ళో కార్డు, మొహం మీద ఎవరో మేకు కొట్టి తగిలించినట్టు ఒక నవ్వు. ఆ నవ్వు దించగా నేనెప్పుడూ చూడలేదు. అందుకే ఆయనకి చిరునవ్వు సారు అని పేరు పెట్టాం. కస్టమర్ కళ్ళలోకి చూసి మాట్లాడాలి అన్న పాఠం మాత్రం తన ఫోన్లోకి చూస్తూ చెప్పాడు.

"ముందు చిరునవ్వు. తర్వాత కంటి చూపు. తర్వాత కస్టమర్ ఇంటి సంగతులు అడగాలి. మనవాళ్ళు అనిపించాలి" అన్నాడు.

కత్తుల పిన్ని మా పక్కనే సానరాయి పెట్టుకుని కత్తులకి పదును పెడుతుంది. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. మర్నాడు ఒకావిడ కూరలు కోసే కత్తి తెస్తే పదును పెట్టి, ఆ కత్తి చేత్తో పట్టుకుని, ఆవిడ కళ్ళలోకి సూటిగా చూస్తూ, నెమ్మదిగా నవ్వింది. ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది. తర్వాత కత్తి తీసుకెళ్ళడానికి వాళ్ళాయన్ని పంపింది.

అటు పక్క తాళాల బాబాయ్ సంగతి ఇంకా బాగుంది. మారు తాళంచెవి చేయించుకోవడానికి వచ్చిన పెద్దమనిషిని మనవాడు అనిపించేద్దామని, "మీ ఇల్లెక్కడండీ? ఇంట్లో ఎవరెవరుంటారు? పగలు అందరూ పన్లకెళ్ళిపోతారా?" అని ఎంతో ఆప్యాయంగా అడిగాడు. ఆ పెద్దమనిషి సగం కోసిన తాళంచెవి అక్కడే వదిలేసి, తాళమే మార్పించుకుంటానని వెళ్ళిపోయాడు. బాబాయ్ మాత్రం "ఇంకా ఏమేం అడగాలో సారు చెప్పలేదమ్మా" అని నాతో వాపోయాడు.

నేను నవ్వీ నవ్వీ కడుపు పట్టుకున్నాను. ఆ నవ్వు ఎంతోసేపు మిగల్లేదు. తర్వాతి వంతు మాదే.

మా మామయ్యకి ఒక మాట అలవాటు. గొడుగు బాగుచేయడం అయ్యాక దాన్ని తెరుస్తారు, మూస్తారు, మళ్ళీ తెరిచి వెలుగులో ఊచలన్నీ చూస్తారు. ఆ తర్వాత మూసి, పిడి అవతలివాళ్ళ చేతికి అందిస్తూ "ఇక రాకండి" అంటారు. అంతే. దయచేయండి లేదు, థాంక్స్ లేదు. కొత్తవాళ్ళు బిత్తరపోతారు. పాతవాళ్ళకైతే ఆ మాట వినబడేదాకా మనసు కుదుటపడదు. ఎందుకంటే ఆయన ఆ మాట అందరితోనూ అనరు. గుడ్డ మరీ చివికిపోయి ఉంటే బాగుచేసి ఇచ్చి "చూద్దాం" అంటారు. చూద్దాం అన్నారంటే ఆ గొడుగుకి రోజులు దగ్గరపడ్డట్టు. ఇక రాకండి అన్నారంటే ఆ గొడుగుకి ఢోకా లేదు. ఇలా రావొద్దంటూ పోతే మరి వ్యాపారం ఎలా నడుస్తుందంటారా? వాళ్ళు రారు, వాళ్ళ పక్కింటివాళ్ళు వస్తారు. అలాగే మా ఇల్లు గడిచింది.

తర్వాతి క్లాసులో చిరునవ్వు సారు తానే కస్టమర్‌నని చెప్పి, మామయ్య చేతిలో ఒక గొడుగు పెట్టి, బాగుచేసి ఇచ్చినట్టు చేయమన్నాడు. మామయ్య గొడుగు తెరిచారు, మూశారు, పిడి అందించారు.

"ఇక రాకండి" అన్నారు.

హాలంతా నవ్వింది. మేకుకి వేలాడుతున్న సారు నవ్వు కూడా కాస్త పక్కకి ఒరిగింది.

"అలా అనకూడదు పెద్దాయనా. మళ్ళీ రండి అనాలి."

"ఎందుకూ?"

"కస్టమర్ మళ్ళీ రావాలి కదా?"

"వస్తే నేను చేసింది పాడైనట్టే కదా బాబూ?"

"పాడవనివ్వండి. మంచి సర్వీసంటేనే కస్టమర్ మళ్ళీ మళ్ళీ రావడం. ఇది రాసిపెట్టుకోండి."

మామయ్యకి రాయడం రాక కాదు, రాయలేదు. ఆ మాటని ఆయన నోట్లో ఒకసారి తిప్పి చూసుకున్నట్టు అనిపించింది నాకు. పాడవనివ్వండి, అని పెదాలతో అనుకుని ఊరుకున్నారు.

పరీక్ష ఎలా ఉంటుందో కూడా సారు చెప్పాడు. కొన్నాళ్ళలో ఎవరో ఒకరు మామూలు కస్టమర్‌లా వస్తారట. ఎవరన్నది చెప్పరు. నవ్వు, చూపు, మాట అన్నిటికీ మార్కులుంటాయి. అందులో మళ్ళీ రండి అన్నది తప్పనిసరి. అది అనకపోతే మిగతావన్నీ ఉన్నా ఫెయిలే.

ఇంటికొచ్చాక నేను మామయ్యని వంటింటి గుమ్మం దగ్గర కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాను. మా ఆయన బస్సు నడుపుతాడు. ఇంట్లో ఉన్నంతసేపూ నిద్ర నడుపుతాడు. కాబట్టి కస్టమర్ వేషం అత్తయ్యకి పడింది. ఆవిడ కూరల సంచి ఒకటి తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఇదిగో, బాగుచేసి ఇవ్వండి."

మామయ్య సంచి అందిస్తూ "మళ్ళీ రండి" అన్నారు. ఎవరో మెడ మీద చేయి వేసి అనిపించినట్టుంది. పైగా నేను నవ్వమన్నానని నవ్వారు. పంటినొప్పితో బాధపడేవాళ్ళు కూడా అంతకంటే హాయిగా ఉంటారు.

అత్తయ్య సంచి తీసుకుని "పెళ్ళయిన కొత్తలో పుట్టింటికి వెళ్తుంటే కూడా ఈ మనిషి నన్ను మళ్ళీ రా అనలేదే. నా అంతట నేనే వచ్చాను" అంది.

"వస్తావని తెలుసు కదా" అన్నారు మామయ్య.

"అదీ ధీమా" అని ఆవిడ సంచిలోంచి ఉల్లిపాయలు తీసుకుని లోపలికి వెళ్ళింది.

"మామయ్యా, ఒక్క మాటే కదా. మీ నోటి ముత్యాలేం రాలిపోవు. ఆ కిటికీ కొట్టు మనకి కావాలా వద్దా? ఈ వానాకాలం కూడా ఆ పట్టా కింద కూర్చుంటే మీ దగ్గు ఎక్కడికి పోతుంది?" అన్నాను. నాకు ముక్కు మీదే కోపం. కోపంలో ప్రేమ కూడా అరుపులాగే వస్తుంది.

"సరేలే అమ్మాయ్, అంటాను" అన్నారు ఆయన.

అన్నారు. అక్కణ్ణుంచి మొదలయ్యాయి మా తిప్పలు.

మొదట వచ్చింది ఆసుపత్రి నర్సమ్మ. ఎన్నేళ్ళ నుంచో తెలిసిన మనిషి. ఒక ఊచ వంగిందని గొడుగు తెచ్చింది. మామయ్య ఊచ మార్చి, తెరిచి, మూసి, పిడి చేతికిచ్చి, నా వైపు ఒకసారి చూసి "మళ్ళీ రండి" అన్నారు.

నర్సమ్మ కదల్లేదు.

"ఏం పెద్దాయనా, మళ్ళీ విరుగుతుందా?"

"అయ్యో, లేదండీ. ఊరికే మర్యాదకి అన్నారు" అన్నాను నేను మిషను మీంచి.

"మర్యాదా? ఈయనా?" అని ఆవిడ గొడుగు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది. బస్సు స్టాపుకి వెళ్ళేదాకా తెరుస్తూ మూస్తూనే వెళ్ళింది. వాన లేదు, ఎండా లేదు. చూసినవాళ్ళు ఏమనుకున్నారో.

ఏమనుకున్నారో తెలియడానికి పెద్దగా ఆగక్కర్లేకపోయింది. గొడుగు పెద్దాయన తన పని మీద తనకే నమ్మకం లేదంటున్నాడట అని టీ కొట్టు దగ్గర మొదలైంది. పళ్ళ బండి దాకా వచ్చేసరికి ఆయనకి చూపు తగ్గిందట అయింది. బస్సు స్టాపు చేరేసరికి చేతులు వణుకుతున్నాయట, ఆయన ఊరికే కూర్చుంటాడట, కోడలే ఎలాగోలా కుట్టేసి ఇస్తోందట అయి కూర్చుంది. మిగతావన్నీ ఎలాగున్నా ఆ చివరిది మాత్రం నాకు బాగా కాలింది. ఎలాగోలా కుట్టేయడం అంటే ఏమిటో చూపిద్దామని ఆ బస్సు స్టాపుకే బయల్దేరబోతే కత్తుల పిన్ని పట్టుకుని కూర్చోబెట్టింది.

ఇక చూడండి సంబరం. ఎప్పుడో బాగుచేయించుకున్నవాళ్ళు కూడా పాత గొడుగులూ బ్యాగులూ చంకన పెట్టుకుని రావడం మొదలుపెట్టారు. ఒకసారి చూడండి పెద్దాయనా, ఇది గట్టిగానే ఉందా? ఈ పట్టీ నిలుస్తుందా? ఎవరికీ ఏమీ కాలేదు. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. అయినా భయం. పట్టా ముందు వరస కట్టారు. ఎన్నడూ లేనిది మా దగ్గర తోపులాట.

సరిగ్గా అప్పుడే చిరునవ్వు సారు తనిఖీకి దయచేశాడు. ఆ వరస చూసి ఆయన కళ్ళు చెమర్చాయి.

"వీళ్ళంతా ఇంతకుముందు వచ్చినవాళ్ళేనా?" అని నన్ను అడిగాడు.

"అవునండీ, అందరూ వచ్చినవాళ్ళే."

"చూశారా? ఒక్క మాట. ఒకే ఒక్క మాటతో. వీళ్ళనే మేం రిపీట్ కస్టమర్లంటాం" అని వరసకి అటు నుంచి ఒక ఫోటో, ఇటు నుంచి ఒక ఫోటో తీసుకున్నాడు. ఆ ఫోటో తర్వాత క్లాసులో గోడంత చేసి చూపించాడట. మా పరువు పోవడాన్ని అంత పెద్దగా చూసిన అదృష్టం ఎంతమందికి దక్కుతుంది?

సారు వెళ్ళాక, వరస కరిగాక, మామయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పెట్టుకున్నారు. మళ్ళీ తీసి తుడుచుకున్నారు. ఒడిలో ఉన్న బ్యాగు పట్టీని, తాను కుట్టినదాన్నే, రెండు చేతులతో లాగి చూశారు.

"అమ్మాయ్, నిజం చెప్పు. నా చేయి వదులైందా?"

ఈ మనిషి చేతిమీద ఆయనకే అనుమానం వచ్చేలా చేసింది ఊరు కాదు, సారు కాదు, వంటింటి గుమ్మం దగ్గర కూర్చోబెట్టి అరిచిన నేను. "మీ చేయి వదులైతే ఈ ఊళ్ళో బిగువైంది ఇంకేదీ లేదు మామయ్యా" అన్నాను. అని మిషను వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. మిషను నూనె ఘాటుకి కళ్ళు మండాయని చెప్పాను.

"రేపట్నుంచి ఆ మాట అనను" అన్నారాయన.

"అనకండి. ఒక్కడితో మాత్రం అనండి. పరీక్షకొచ్చేవాడితో."

"వాడెవడో మనకెలా తెలుస్తుంది?"

"నేను కనిపెడతాను. మంచినీళ్ళు కావాలా అని అడిగితే వాడేనని గుర్తు."

ఆయన ఒప్పుకున్నారో లేదో తెలియలేదు. తల మాత్రం ఊపారు. మర్నాటి నుంచి మళ్ళీ "ఇక రాకండి" వినబడింది. నర్సమ్మ దారినపోతూ ఆగి విని, "అబ్బ, ఇప్పుడు ప్రాణం లేచొచ్చింది" అంది.

పరీక్షకొచ్చినవాణ్ణి కనిపెట్టడం కష్టమేమీ కాలేదు. మామూలు మనుషులు వస్తూనే ఎంతవుతుంది, ఎప్పుడిస్తారు అంటారు. ఆ అబ్బాయి వచ్చి "బాగున్నారా?" అన్నాడు. తర్వాత మా పట్టా వంక, నా మొహం వంక, మామయ్య మొహం వంక వరసగా చూసి ఫోన్లో ఏదో నొక్కుకున్నాడు. భుజానికి ఉండాల్సిన నల్ల బ్యాగు చేతిలో ఉంది. పట్టీ తెగిపోయింది. తెగడమంటే అలా ఇలా కాదు, గీత గీసి తెగినట్టుంది.

మామయ్య పట్టీ కొస వేలితో తడిమి "ఇదెలా తెగింది బాబూ?" అని అడిగారు.

"కుక్క కొరికిందండీ."

కుక్కకి బ్లేడు దొరికినట్టుంది పాపం, అనుకున్నాను. పైకి మాత్రం "మామయ్యా, మంచినీళ్ళు కావాలా?" అన్నాను.

"వద్దులే అమ్మాయ్, అర్థమైంది" అన్నారాయన.

ఇంత తెలివిగా గుట్టు దాచే మనిషి దొరకడం నా పూర్వజన్మ సుకృతం. అదృష్టం కొద్దీ ఆ అబ్బాయి ఫోన్లో ఉన్నాడు.

మామయ్య దారానికి మైనం రాసి, దబ్బనంతో పట్టీ కుట్టడం మొదలుపెట్టారు. బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, కాస్త అటు తిరిగి కుట్టారు. ఈయన చివర్లో మొండికేసి ఇక రాకండి అన్నారో, కిటికీ కొట్టు ఎవరో ఎగరేసుకుపోతారు. దారం తుంచారు. పట్టీని అరచేత్తో ఒకసారి నిమిరారు. లేచి నిలబడ్డారు. ఆ అబ్బాయి కళ్ళలోకి చూశారు. చూసి, నెమ్మదిగా, ఎవరూ మెడ మీద చేయి వేయనట్టే, "మళ్ళీ రండి బాబూ. తప్పకుండా రండి" అన్నారు.

ఆ అబ్బాయి మొహం వెలిగిపోయింది. ఇన్ని మార్కులు ఎక్కడ వేయాలా అన్నట్టు ఫోన్ వంక చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

"మామయ్యా, ఎంత బాగా అన్నారు! మనసులోంచి అన్నట్టే ఉంది" అన్నాను.

"మనసులోంచే అన్నాను. అబద్ధమైతే నోరు తిరగదు కదా నాకు."

"అంటే?"

"చివర ముడి వేయలేదు."

నేను విరగబడి నవ్వాను. ఆయన నవ్వలేదు. దబ్బనాన్ని గుడ్డకి గుచ్చి, డబ్బాలో పెట్టి, మూత పెట్టారు.

"సారే అన్నాడుగా, పాడవనివ్వమని" అన్నారు. ఆ అనడంలో వెటకారం వెతికాను. దొరకలేదు. నా నవ్వు కూడా ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

పాసయ్యాం. మామూలుగా కాదు, అందరికంటే ఎక్కువ మార్కులతో. చిరునవ్వు సారు మామయ్య మెడలో ఏదో రిబ్బను వేసి, చేతిలో కాగితం పెట్టి, మొండి మనిషిని కూడా శిక్షణతో ఎలా మార్చవచ్చో ఈ పెద్దాయన్ని చూసి నేర్చుకోండి అన్నాడు. కత్తుల పిన్నీ తాళాల బాబాయ్ కూడా ఎలాగో గట్టెక్కారు. బాబాయ్‌ని పరీక్షించడానికి వచ్చినావిడ తన ఇంటి సంగతులన్నీ పూసగుచ్చినట్టు చెప్పుకుని వెళ్ళిందట. ఈ లోకంలో అడిగే దిక్కులేనివాళ్ళు కూడా ఉంటారు మరి.

చివరి కొట్టు మాకే వచ్చింది. కిటికీ దగ్గర మామయ్య స్టూలు, ఈ పక్కన నా మిషను, గోడకి మేకులు. బయట కుండపోతగా వాన కురుస్తున్నా లోపల ఒక్క చుక్క పడలేదు. కొద్దికాలానికే ఆయన దగ్గు తగ్గింది. నేను కోరుకున్నదంతా అక్షరాలా జరిగింది. మామయ్య మాత్రం పనిచేస్తూ చేస్తూ తలెత్తి కిటికీలోంచి చూసేవారు. దారినపోయేవాళ్ళ మొహాలు కాదు, భుజాలు చూసేవారు. నల్ల బ్యాగు కనబడితే చేతిలో సూది ఆగిపోయేది.

"ఆ అబ్బాయేమో చూడమ్మాయ్" అనేవారు.

"కాదు మామయ్యా."

"తడికి దారం జారుతుంది. ఈపాటికి కొస వచ్చేసి ఉంటుంది."

"పోనీలెండి. బ్లేడుతో కోసుకొచ్చినవాడి మీద జాలేంటి?"

"కోసింది వాడు. కుట్టింది నేను కదా" అనేవారు.

ఇంట్లో కూడా అదే గొడవ. గట్టిగా వాన పడితే చాలు, వీధి తలుపు దగ్గర నిలబడి "ఇప్పుడు రోడ్డు మీద ఊడితే ఏం చేస్తాడో" అనేవారు. అత్తయ్య వినీ వినీ విసిగిపోయింది. "నాతో ఇన్నేళ్ళు కాపురం చేశారు, నేను వానలో తడిసొస్తే ఏనాడన్నా ఇంత బెంగపడ్డారా?" అంది. అన్నా, మర్నాడు ఆయన్ని తోసి ఆఫీసుకి పంపింది కూడా ఆవిడే. వెళ్ళి ఆ అబ్బాయెవరో కనుక్కుని రండి, ఈ సణుగుడు నేను భరించలేను అని.

మామయ్యతో నేనూ వెళ్ళాను. ఆఫీసు కిటికీ వెనక కూర్చున్న గుమస్తా మా వంక చూడలేదు. చిరునవ్వు లేదు, కంటి చూపు లేదు, ఇంటి సంగతులు అడగనే లేదు. పరీక్షకొచ్చిన అబ్బాయి ఎక్కడుంటాడని మామయ్య అడిగితే, తల ఎత్తకుండానే "మళ్ళీ రండి" అన్నాడు.

మళ్ళీ వెళ్ళాం. మళ్ళీ రండి అన్నాడు. ఆ మాట మీద ఆయనకున్నంత పట్టు మాకెన్ని క్లాసులు చెప్పినా రాదు. పాఠం చెప్పడానికి సారుని బయట్నుంచి ఎందుకు తెప్పించుకున్నారో నాకిప్పటికీ అర్థం కాదు.

వానలు ముదిరాక ఒక మధ్యాహ్నం, కొట్టు గుమ్మంలో నీళ్ళు కారుతూ ఒక మనిషి నిలబడ్డాడు. నల్ల బ్యాగుని రెండు చేతులతో గుండెకి హత్తుకున్నాడు. పట్టీ ఒక పక్కకి వేలాడుతోంది. బస్సు ఎక్కబోతుంటే ఊడి, బ్యాగు నీళ్ళ గుంటలో పడి, అన్నం డబ్బా రోడ్డు దాటి దొర్లిపోయిందట. అదంతా ఆయాసపడుతూ చెప్పబోయాడు. మామయ్య వినలేదు. స్టూలు మీంచి అంత గబుక్కున లేవడం ఈమధ్య నేను చూడలేదు.

"వచ్చావా బాబూ" అన్నారు.

అని నవ్వారు. తప్పిపోయిన సొంత మనిషి గుమ్మంలోకి వస్తే ఎలా నవ్వుతారో అలా నవ్వారు. ఫోటోలు తీసుకునే సారు అప్పుడు లేకపోయాడు.

ఆ అబ్బాయిని నా స్టూలు మీద కూర్చోబెట్టి తల తుడుచుకోమని తువ్వాలు ఇచ్చారు. పాత దారం పోగు కూడా మిగలకుండా లాగేశారు. కొత్త దారానికి మైనం రాసి, దగ్గర దగ్గరగా కుట్టి, చివర ముడి వేశారు. దాని మీద ఇంకో ముడి వేశారు. బ్యాగుని మేకుకి తగిలించి, నా మిషను పనిముట్ల పెట్టె అందులో పెట్టి కాసేపు వేలాడనిచ్చారు. కుట్టు ఇసుమంత కూడా సాగలేదు. అంతసేపూ ఆ అబ్బాయి గోడ మీద అంటించిన మా మార్కుల కాగితం చూసుకుంటూ కూర్చున్నాడు.

"పెద్దాయనా, మీకో సంగతి తెలుసా? ఆ రోజు మీకు మార్కులేసింది నేనే" అన్నాడు, ఇక ఉండబట్టలేక.

"అలాగా" అన్నారు మామయ్య.

డబ్బులివ్వబోతే చేయి అడ్డం పెట్టారు. బ్యాగు తీసి స్వయంగా ఆ అబ్బాయి భుజానికి తగిలించి, పట్టీ ఒకసారి గట్టిగా లాగి చూసి, వదిలారు.

"ఇక రాకండి" అన్నారు.

ఆ అబ్బాయి మొహం చిన్నబోయింది. "అదేంటి పెద్దాయనా, ఆ రోజు మళ్ళీ రండి, తప్పకుండా రండి అన్నారుగా?"

"వచ్చారుగా" అన్నారు మామయ్య.

ఆ అబ్బాయి పట్టీ సర్దుకుంటూ వానలోకి వెళ్ళిపోయాడు. మామయ్య కిటికీ దగ్గర కూర్చుని మేకుకున్న గొడుగు ఒకటి తీసుకున్నారు. ఆ తర్వాత సాయంత్రందాకా ఆ దారిన ఎన్నో నల్ల బ్యాగులు వెళ్ళాయి, ఆయన తలెత్తి చూడలేదు.